హస్‌దేవ్ అడుగున నాన్న చెప్పిన సముద్రం

భిలాయ్ తెలుగువాళ్లకి సముద్రానికి దారి ఒక్కటే. దుర్గ్‌లో రైలెక్కాలి, రాయ్‌పూర్ దాటాలి, రాయగడ కొండలు దాటాలి, విజయనగరంలో ఎవరో ఒక చుట్టం టిఫిన్ క్యారేజీ అందించాలి, విశాఖపట్నంలో దిగాలి. మా వీధిలో పుట్టిన ప్రతి పిల్లకీ ఈ స్టేషన్ల పేర్లు ఎక్కాలకన్నా ముందు వచ్చేవి. అలాంటిది, మొన్న మార్చి నెలలో నేనూ మా అమ్మా సముద్రం చూడ్డానికి దానికి ఎదురు దిక్కున ఉన్న ఉత్తరం రైలెక్కాం. వెళ్లింది మనేంద్రగఢ్‌కి. ఛత్తీస్‌గఢ్‌లో బొగ్గు గనుల పక్కన, సాల అడవుల మధ్య ఉన్న ఊరది. ఏ సముద్రానికైనా అక్కణ్ణించి ఒక పగలూ రాత్రీ ప్రయాణం.

"కొండను తవ్వి ఎలుకని పట్టడానికి తల్లీకూతుళ్లు బయల్దేరారు" అన్నాడు మా ఆయన, టికెట్లు చేతికిస్తూ. ఎలుక కోసం కాదు. నేనొక తప్పు చేశానో లేదో తేల్చుకోవడానికి వెళ్లాను. అది చెబితే గాని ఈ ప్రయాణం అర్థం కాదు.

పొంగని రాయి

మా నాన్న రాములు భిలాయ్ ఉక్కు ప్లాంటులో చేరకముందు రెండేళ్లు రైలు వంతెనల పనిలో ఖలాసీగా చేశాడు. అప్పుడు హస్‌దేవ్ అనే నది మీద వంతెన మరమ్మతు చేస్తుంటే, నీళ్లు తగ్గిన నది అడుగున ఒక రాయి దొరికిందట. బూరె అంత రాయి. బూడిద రంగులో పచ్చదనం కలిసి ఉంటుంది. దాని మీద విసనకర్రలా విచ్చుకున్న గీతలతో ఒక ఆల్చిప్ప అచ్చు. కొత్తగా పెళ్లయిన అమ్మ అప్పటికి భీమిలి దగ్గర పుట్టింట్లోనే ఉండేది. నాన్న సెలవు పెట్టి అత్తారింటికి వెళ్తూ ఆ రాయే తీసుకెళ్లాడు. సముద్రం ఒడ్డు పిల్లకి ఎవరైనా ఆల్చిప్ప బహుమానం ఇస్తారా అని మా మేనమామలు ఏడాది పాటు నవ్వారట.

తర్వాత భిలాయ్ సెక్టర్ 2 క్వార్టర్‌కి సంసారం మారింది, రాయీ మారింది. నాన్న మాత్రం ఆ కథ చెప్పడం మానలేదు. "ఆ నదిలో ఒకప్పుడు సముద్రం ఉండీదర్రా" అనేవాడు, వినేవాళ్లుంటే చాలు.

నాకు ఇరవై రెండేళ్లు వచ్చేసరికి ప్లాంటు లేబొరేటరీలో ఉద్యోగం వచ్చింది. నా పని సున్నపురాయి పరీక్ష. ఇనుము కరిగించే కొలిమిలోకి వెళ్లే రాయిని పొడి చేసి, అందులో సున్నం ఎంతుందో, మట్టి ఎంతుందో చెప్పడం. సున్నపురాయి మీద యాసిడ్ చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది. గవ్వ మీద వేసినా అంతే, గవ్వంటే సున్నమే కదా. కొత్త ఉద్యోగం, కొత్త విద్య, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఒక ఆదివారం సాయంత్రం మా క్వార్టర్ ముందు మంచాల మీద నాన్న స్నేహితులు పదిమంది కూర్చున్నారు. నాన్న మళ్లీ సముద్రం కథ ఎత్తాడు. నేను లోపలికెళ్లి, లేబొరేటరీ నుంచి తెచ్చుకున్న చిన్న యాసిడ్ సీసా తెచ్చాను.

ముందు అమ్మ గవ్వల డబ్బాలోంచి ఒక గవ్వ తీసి చుక్క వేశాను. పొంగింది. తర్వాత నాన్న రాయి మీద వేశాను. పొంగలేదు. మళ్లీ వేశాను. నీళ్లు పోసినట్టే జారిపోయింది.

"ఇది గవ్వ కాదు నాన్నా. ఎవరో రాయి మీద చెక్కారు, నిన్ను నమ్మించారు" అన్నాను, పదిమంది వినేలా.

అందరూ నవ్వారు. నాన్న కూడా కొంచెం నవ్వి, రాయిని లుంగీ చెంగుతో తుడిచి, లోపల పెట్టేశాడు. ఆ రోజు నుంచి మా క్వార్టర్ల లైనులో ఆయన పేరు సముద్రం రాములు. ఆ కథ మాత్రం మళ్లీ ఆయన నోట ఎవరూ వినలేదు. అమ్మ రాయిని తులసికోటలో పెట్టి ప్రతి శుక్రవారం పసుపు రాసి కుంకుమ పెట్టడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే "ఊరికినే" అనేది. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. అమ్మ మా దగ్గర, భిలాయ్‌లోనే రుఆబాంధాలో ఉంటోంది, తులసికోటతో సహా.

నిరుడు నేను రిటైరయ్యాను. ఖాళీగా కూర్చుని ఫోను తిప్పుతుంటే ఎవరో పంపిన ఫొటో ఒకటి కనబడింది. హస్‌దేవ్ ఒడ్డున రాళ్లలో దొరికిన సముద్ర జీవుల శిలాజాలు అని కింద హిందీలో రాసుంది. విసనకర్రలా విచ్చుకున్న గీతలు. ముప్పై ఎనిమిదేళ్లు రాళ్ల గురించి తీర్పులు చెప్పిన మనిషిని, మొట్టమొదటి తీర్పే తప్పు చెప్పానా అనిపించింది. అందుకని వెళ్లాను.

సముందర్ దేఖ్‌నే

రాయిని శుభ్రంగా కడిగి తీసుకెళ్దామని బ్రష్షు పట్టుకుంటే అమ్మ చేతిలోంచి లాక్కుంది.

"పసుపు కడిగీకు. ముప్పై సొచ్చరాలు దాటి రాస్తన్నాను."

"గీతలు సరిగ్గా కనబడవే అమ్మా."

"నాకు కనబడతన్నాయి."

యాసిడ్ సీసా కూడా పెట్టుకోబోతే, రైల్లో అలాంటివి తీసుకెళ్తే పోలీసుల చేత తన్నులు తింటావని మా ఆయన అడ్డం పడ్డాడు. నా ఆయుధం లేకుండానే బయల్దేరాను.

రైల్లో మా ఎదుట సీటులో చిరిమిరి గనిలో పనిచేసే ఒకాయన భార్య కూర్చుంది. ఠేఠరీ అనే శనగపిండి జంతికలు డబ్బా తెరిచి మా ముందు పెట్టింది. మన జంతికల కన్నా లావు, నూనె తక్కువ, వాము ఎక్కువ. అమ్మ తన డబ్బాలోంచి పొంగడాలు తీసి ఇచ్చింది. ఎక్కడికి వెళ్తున్నారని ఆవిడ అడిగితే, "సముందర్ దేఖ్‌నే జాతా" అంది అమ్మ, సముద్రం చూడ్డానికని. అరవై ఏళ్లకు పైగా భిలాయ్‌లో ఉన్నా అమ్మ హిందీలో ఆడా మగా అనే తేడాలు లేవు, అందరూ సమానమే. ఆవిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ ఏమీ అనుకోలేదు. నాన్న మాట చెబితే జనం నవ్వడం ఆవిడకి అలవాటే.

ఇప్పపువ్వు రాలే పొద్దు

పొద్దున్నే మనేంద్రగఢ్ చేరాం. మా భిలాయ్‌లో గాలికి ఇనుము వాసన ఉంటుంది, మాకు తెలియదు గాని చుట్టాలు వచ్చినప్పుడల్లా చెబుతారు. ఇక్కడ గాలి తియ్యగా ఉంది. ఊరి చివర ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు, ముసలివాళ్లు వంగి పువ్వులు ఏరుతున్నారు. చెట్టు కింద ఆకులన్నీ ముందే ఊడ్చి, నేల వాకిలిలా చేసుకున్నారు. లేత పసుపు పువ్వులు ఒక్కొక్కటే టప్పుమని పడుతున్నాయి. ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసట, పక్కవాళ్ల చెట్టు కింద పువ్వు రాలినా ఎవరూ ముట్టుకోరు. ఎండబెడితే కిలో నలభై దాకా వస్తుందని ఒక ముసలమ్మ చెప్పి, అమ్మ చేతిలో నాలుగు పువ్వులు పెట్టింది. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని, "బెల్లం పాకంలాగున్నాది" అంది.

బజారులో ఇరవై రూపాయల ప్లేటు పోహా తిన్నాం, మీద సన్న కారప్పూస, పక్కన జిలేబీ, ఒక నిమ్మచెక్క. నిమ్మచెక్కని నేను పిండలేదు. కాగితంలో చుట్టి సంచీలో వేసుకున్నాను. నిమ్మరసం కూడా యాసిడ్డే. గట్టిది కాదు గాని, గవ్వ మీద పడితే కాసిని బుడగలు రావచ్చు. అమ్మ చూసి, "సదవేస్తే ఉన్న మతి పోయిందని నీలాంటోళ్లని సూసే అన్నారు" అంది.

వంతెన కింద

నది ఊరికి దగ్గరే. ఒడ్డు మీద కంచె వేసి, దారి కట్టి, బోర్డులు పెట్టారు. దారి పక్కన రాతితో చెక్కిన రాక్షసబల్లులు కూడా ఉన్నాయి. ఇక్కడి సముద్రం వెళ్లిపోయిన ఎన్నో కోట్ల ఏళ్ల తర్వాత గాని ఆ బల్లులు పుట్టలేదు, అయినా పిల్లలు ముందు వాటి దగ్గరికే పరిగెడుతున్నారు. బోర్డు మీద లెక్క రాసుంది. ఇరవై ఎనిమిది కోట్ల ఏళ్లు. నేను దాన్ని తెలుగులో అమ్మకి చదివి వినిపించాను.

"కోటి అంటే ఎన్ని లచ్చలు?"

"వంద."

అమ్మ కాసేపు ఆలోచించి, "ఒద్దులే. లెక్కెట్టుకుంటే సూడ్డం అవదు" అంది.

అక్కడ కాపలా ఉండి, వచ్చినవాళ్లకి రాళ్లు చూపించే మనిషి పేరు జగత్. పక్క ఊరి గోండు రైతు, ముప్పై అయిదేళ్లుంటాయి. మొదటి మాటే అమ్మని "దాయీ" అన్నాడు. వాళ్ల ఛత్తీస్‌గఢీలో అమ్మకైనా అవ్వకైనా అదే పిలుపు. మెట్లు దిగేటప్పుడు అమ్మ చెప్పు తెగింది. జగత్ గట్టు మీది తీగ నుంచి నార చీలిక ఒకటి తీసి చెప్పుని పాదానికి కట్టేశాడు. ఆ తీగ అడ్డాకు తీగ. మా విజయనగరం పెళ్లిళ్లలో విస్తళ్లు కుట్టేది దాని ఆకులతోనే. "ఇదిక్కడా ఉన్నాదేటి" అని అమ్మ దాన్ని పలకరించినట్టు నిమిరింది.

కిందకి దిగాం. మార్చి కాబట్టి నీళ్లు ఒక పాయగా పక్కకి ఒదిగి పారుతున్నాయి. మిగతా నదంతా రాయే. పొరలు పొరలుగా, బూడిద రంగులో పచ్చదనం కలిసిన రాయి. నాన్న రాయి రంగు. కొంచెం ఎగువన రైలు వంతెన స్తంభాలు కనబడుతున్నాయి. ఇరవై నాలుగేళ్ల ఖలాసీ అక్కడ తాడు పట్టుకుని నిలబడి ఉండేవాడు.

జగత్ ఒక చోట కూర్చుని, సీసాలో నీళ్లు రాయి మీద పోశాడు. తడిసిన చోట అవి బయటికొచ్చాయి. ముందు ఒకటి కనబడింది. కళ్లు అలవాటు పడ్డాక పక్కనే మూడు, తర్వాత ఎక్కడ చూస్తే అక్కడ. అరచేయి అంతవి, గోరంతవి, ఒకదాని మీద ఒకటి పడుకున్నవి. నేను నిలబడ్డ చోట నా చెప్పుల కిందే రెండున్నాయి. చటుక్కున కాళ్లు పక్కకి తీశాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ముప్పై ఎనిమిదేళ్లు నేను రాయిని పొడి చేసి చూశాను. పొడి చెయ్యకుండా ఒక్కసారీ చూడలేదు.

మూసుకున్న చిప్పలు

జగత్ బోర్డు మీది పేర్లు ఒక్కొక్కటే అప్పజెప్పాడు. పెద్ద పెద్ద చదువులవాళ్లు వచ్చినప్పుడల్లా వెంట తిరిగి నేర్చుకున్నాడట. ఆ లాటిన్ పేర్లు అతని నోట్లో ఛత్తీస్‌గఢీ పేర్లలా మెత్తబడ్డాయి. అతను ఒక రకం చూపించి పేరు చెబుతాడు, అమ్మ వెంటనే తన పేరు చెబుతుంది.

"ఇది ఆల్చిప్ప. ఇది గుల్ల. ఇదేమో నత్తగుల్ల, సూడు సుట్టు తిరిగున్నాది."

అమ్మ చిన్నప్పుడు గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట మోకాలి లోతు నీళ్లలో కాళ్లతో తడిమి గుల్లలు ఏరేదట. ఈ మాట మాకు ఎన్నడూ చెప్పలేదు. మేం అడిగితే కదా. ఇప్పుడు కొంగు బిగించి రాయి మీద చతికిలబడి, ఒక్కో చిప్ప మీద వేలు పెట్టి చూస్తోంది. ఒక దగ్గర చాలాసేపు ఉండిపోయింది.

"ఒలే సత్తీ, ఇలగ రా. ఇయ్యి సచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సిప్పలు కావే."

"నీకెలా తెలుసు?"

"సచ్చిన గుల్ల నోరు తెరిసీసుంటాది. రెండు రెక్కలూ ఊడిపోయి సెరోపక్కా పోతాయి. బీచీలో నువ్వేరీవన్నీ ఒంటి రెక్కలే గదేటి. బతికున్నదాన్ని ముట్టుకుంటేనే మూసుకుంటాది. ఈటిని సూడు, రెండు రెక్కలూ మూసుకునే ఉన్నాయి. బతికుండగానే పైన ఇసక పడిపోనాది. బయపడి మూసుకున్నాయి, మరి తెరవనేదు."

నేను హిందీలో జగత్‌కి చెప్పాను. అతను అమ్మ వైపు కళ్లార్పకుండా చూశాడు. ఇదే సంగతి చెప్పడానికి ఒక సారుకి అరగంట పట్టిందని, నల్లబల్ల కూడా కావలసి వచ్చిందని అన్నాడు. అప్పట్లో ఈ చోట మహా చలి అనీ, మంచుకొండలు కరిగి సముద్రంలోకి మట్టి కొట్టుకొచ్చేదనీ చెప్పాడు. పొద్దున పదింటికే మాడు మాడిపోతోంది. ఈ బండ మీద మంచునీళ్లు, ఆ నీళ్ల అడుగున ఈ చిప్పలు, ఏదో మీద పడుతోందని తెలిసి రెక్కలు మూసుకున్న ఆ ఒక్క క్షణం. ఇరవై ఎనిమిది కోట్ల ఏళ్లు నాకు అర్థం కాలేదు గాని, ఆ క్షణం అర్థమైంది. అక్కడ నిలబడి నేను దణ్ణం పెట్టాను, ఎవరికని అడిగితే చెప్పలేను.

సంచీలో రాయి

ఇంతలో అటువైపు ఎవరో కుర్రాళ్లు కంచె దాటుతుంటే జగత్ కేకలేస్తూ వెళ్లాడు. నేను సంచీలోంచి నాన్న రాయి తీశాను. కాళ్ల దగ్గర ఒక విసనకర్ర అచ్చు ఉంది, దాని పక్కన పెట్టి చూశాను. అదే వంపు, అవే గీతలు. పసుపు లేకపోతే ఏది ఏదో నేనే చెప్పలేను. నిమ్మచెక్క సంగతి గుర్తే రాలేదు.

నాన్న చెప్పింది నిజం. ఆ మాట నా నోట్లోంచి పైకే వచ్చింది.

వెనక నుంచి "మేడమ్, వాపస్ రఖియే" అని వినబడింది, తిరిగి అక్కడే పెట్టేయండని. జగత్ తిరిగి వచ్చేశాడు. అతనికి కనబడింది ఒకటే, నది అడుగున కూర్చుని ఒకావిడ శిలాజం చేతిలో పట్టుకుని, పక్కన సంచీ తెరిచి పెట్టుకుంది.

"ఇది మాది. ఇంటి నుంచి తెచ్చాం" అన్నాను.

"అందరూ అదే అంటారు" అన్నాడు మర్యాదగానే. "ఏ హమర్ నదియా కే పథరా ఆయ్." ఇది మా నది రాయి అని.

ఆ మాటా నిజమే. మా నాన్న తెచ్చాడన్నాను. ఎప్పుడన్నాడు. అరవై ఏళ్లు దాటిందన్నాను. నాకే నమ్మబుద్ధి కాలేదు. అటూ ఇటూ తిరిగి చూసేవాళ్లు నలుగురు పోగయ్యారు, ఒకామె వీడియో తియ్యడానికి ఫోను కూడా ఎత్తింది. నిజం చెబుతున్నాను, రుజువు లేదు, చుట్టూ మనుషులు. ఆ ఆదివారం సాయంత్రం నాన్న ఎక్కడ కూర్చున్నాడో సరిగ్గా అక్కడికి వచ్చి కూర్చున్నాను.

అమ్మ లేచి వచ్చి, రాయి నా చేతిలోంచి తీసి అతని చేతిలో పెట్టింది.

"దేఖో బేటా. గోరుతో గీరు" అంది, సగం హిందీ, సగం తెలుగు.

అతను గీత లోపల బొటనవేలి గోరు పెట్టి గీరాడు. పసుపు గట్టిగా, నల్లబడి, పొర మీద పొరగా పేరుకుని ఉంది. పైన మొన్న శుక్రవారానిది, దాని కింద ఎప్పటిదో. వాసన చూశాడు. ఇంకొంచెం గీరాడు, లోపల కుంకుమ ఎరుపు తగిలింది. ఒక గంటలోనో ఒక రోజులోనో ఎవరూ తెచ్చిపెట్టగలిగింది కాదది. అతని ముఖం మారిపోయింది. రాయిని రెండు చేతులతో నుదుటికి తాకించుకుని అమ్మకి తిరిగి ఇచ్చాడు. ఫోను ఎత్తినామె ఫోను దించేసింది.

నేను బ్రష్షుతో కడిగేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం కూడా నాకిష్టం లేదు.

తర్వాత గట్టు నీడలో కూర్చున్నప్పుడు అతన్ని అడిగాను, యాసిడ్ వేస్తే ఇది ఎందుకు పొంగలేదని. జగత్ నీటి అంచుకి వెళ్లి ఒక చిప్ప పట్టుకొచ్చాడు, ఇప్పటి నదిలో బతికే మామూలు చిప్ప. తడి మట్టి ముద్దలో దాన్ని నొక్కి పైకి తీశాడు. మట్టిలో గీతలన్నీ దిగాయి. చిప్పని నదిలోకి విసిరేశాడు.

"చిప్ప ఎప్పుడో కరిగిపోయింది మేడమ్. మట్టి దాని ఆకారం పట్టుకుని రాయైంది. మీరు యాసిడ్ మట్టి మీద వేశారు."

అంతే. అంత చిన్న సంగతి. కొత్తగా సున్నం పొంగడం ఒక్కటే నేర్చుకున్నదాన్ని కాబట్టి, పొంగనిది నిజం కాదనుకున్నాను. నేను పరీక్ష చేసింది గవ్వని కాదు, గవ్వ ఉండి వెళ్లిన చోటుని. నాన్నకి ఇది తెలిసే అవకాశం లేదు, ఆయన చదివింది మూడో తరగతి. చూసింది చూసినట్టు చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

జగత్ చూడనట్టు తన డబ్బా తెరిచాడు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచిన బాసీ, ఉల్లిపాయ, టమాటా పచ్చడి. అమ్మ చూసి, "మన సద్దన్నమే" అంది. మా వైపు గంజిలో పులియబెట్టి తరవాణి అంటారు, పుల్లగా ఉంటుంది. ఇది చప్పగా, చల్లగా ఉంది. అడ్డాకు దొప్పలో పెట్టి ఇచ్చాడు. నాకు తెలిసి అమ్మ బయటివాళ్ల అన్నం తినడం అదే మొదటిసారి.

తిన్నాక అమ్మ రాయిని ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది.

"దీన్ని ఇక్కడే పెట్టీద్దాం" అంది.

"ఎందుకమ్మా? అతను తీసుకెళ్లొద్దనలేదు కదా."

"మీ నాన్న మాటకి ఇదొక్కటే సాచ్చీకమని ఇన్నాళ్లు దాసినాను. ఎవులైనా ఎప్పుడైనా అడగరా అని. ఇక్కడ సూడు, ఎన్నున్నాయో సాచ్చీకాలు. మరి దీంతో పనేటి?"

జగత్ చూపించిన చోట, నీళ్లు లాగేయని ఒక పొర పక్కన, అమ్మ రాయిని పెట్టింది. అచ్చు పైకి ఉండేలా సర్దింది. పసుపు తుడవలేదు. రేపెప్పుడైనా పెద్ద చదువుల సారు ఒకడు వచ్చి, కోట్ల ఏళ్ల నాటి ఆల్చిప్పలో పసుపు కుంకుమలు చూసి ఏమనుకుంటాడోనని జగత్ నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది.

సెక్టర్ 2

తిరిగి వచ్చిన మర్నాడే సెక్టర్ 2 వెళ్లాను. ఆ ఆదివారం మంచాల మీద కూర్చున్న పదిమందిలో ఇప్పుడు మిగిలింది సన్యాసిరావు మావయ్య ఒక్కడే. నాన్నతో కలిసి ప్లాంటులో చేరినవాడు, సైకిళ్ల మీద జంటగా డ్యూటీకి వెళ్లినవాడు. పాత క్వార్టరే లీజుకి తీసుకుని కొడుకుతో కలిసి ఉంటున్నాడు. ఒక చెవి వినబడదు. వినబడే చెవి వైపు కుర్చీ జరుపుకుని కూర్చున్నాను.

"మావయ్యా, నాన్న చెప్పిన సముద్రం ఉంది. నేను కళ్లారా చూసొచ్చాను. ఆ రోజు మీ అందరి ముందు నేను చెప్పింది తప్పు."

"రాయి తెచ్చినావా?"

"లేదు. అక్కడే పెట్టేశాం." చేతిలో ఏమీ లేకుండా ఆ మాట చెప్పడం కష్టంగానే ఉంది. "నా మాట నమ్మాలి నువ్వు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నమ్మకేటి? మాకు ఆ రోజే తెలుసును గదే."

"ఏం తెలుసు?"

"ఆ రాయి నిజమేనని. ఆ వంతెన పన్లో నానూ ఉన్నాను గదేటి. నాను తియ్యనేదు, మీ బాబు తీసినాడు. అంతే తేడా."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు? నేనలా మాట్లాడుతుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"సెప్పీవోణ్ణే. నాను నోరు తెరస్తంటే మీ బాబు నా సెయ్యి నొక్కినాడు." మావయ్య తన ఎడమ మణికట్టు కుడి చేత్తో పట్టుకుని చూపించాడు. "మర్నాడు డ్యూటీకి ఎల్తన్నప్పుడు అడిగినాను, ఏట్రా రాములూ, అందరూ నవ్వతన్నా ఊరుకున్నావని. ఏటన్నాడో తెలుసా? 'నా గుంట పదిమంది మొగోళ్ల ముందు నిలబడి రుజువు సూపించి మాటాడింది సూసినావా? మనింట్లో ఇంతమట్టుకు అలగెవులైనా మాటాడినారా? రాయిదేటుంది, ఇన్నేళ్లు ఆగింది, ఇంకొన్నాళ్లు ఆగుతాది' అన్నాడు."

లోపల్నుంచి కోడలు టీ తెచ్చి నా చేతికిచ్చింది. మావయ్య మణికట్టు ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

"నీకు తెలిసినప్పుడు నువ్వే ఒచ్చి సెప్తావన్నాడు" అన్నాడు. "బాగానే ఆలీసం సేసినావు."